ఎడమ కాలి రూటు

దేవరకొండ డిపో ఎదురుంగ
రెండు కుర్చీల సెలూను, దాని ఎనక చెక్కబల్ల.
డ్యూటీ దిగి బోర్ల పడుకుంటే
అంజిలయ్య మొదలు అడిగింది పేరు గాదు.
"ఎక్కడ ఎక్కుతది, ఎక్కడ దిగుతది?"

చెప్పిన.
తొంటికాడ ఎక్కుతది, పెండ్లిండ్ల సీజన్ల బస్టాండు లెక్క.
తొడ ఎనకనుంచి కొండమల్లేపల్లి,
మోకాలి మడత గుర్రంపోడు,
పిక్కల, కనగల్ కాడ, కొద్దిసేపు నిలవడి
చిటికెన వేలు నల్లగొండల
ఆఖరి ప్యాసింజర్ లెక్క దిగుతది.
దిగి మళ్ల ఎక్కుతది.
టికెట్ అడగనియ్యదు.

అంజిలయ్య నవ్వలే.
పగలంత గడ్డాలు గీసే చేతులు
పొద్దుగూకినంక కత్తి పక్కకు పెట్టి
వాము, ఎల్లిపాయ ఏసి కాగవెట్టిన
నువ్వుల నూనె గిన్నె అందుకుంటయి.
ఆ వాసన షాపు అద్దానికి గూడ పట్టింది.
అండ్ల ముఖం చూసుకుంటే నడుము యాదికొస్తది.

మొదలే తొంటిని ముట్టడు.
పాదం కాడ కూసుంటడు,
అలిగినోళ్ల ఇంటికి పోయి గడప బయటనే కూసున్నట్టు.
మడమ, పిక్క, మోకాలెనక
మెల్లగ మెల్లగ, అరచేతి మొదలు తోటి.
"నరం మీద ఒత్తొద్దు సారూ.
అది కోపంల ఉన్నది.
దాని చుట్టున్న కండను బతిలాడాలె."

ఆ మాట ఇన్నంక
ఇంట్ల నేనెట్ల మాట్లాడుతనో యాదికొచ్చింది.

పిర్ర నడుమ ఒకకాడ బొటనవేలు ఆగింది.
రేగుగింజంత గడ్డ.
ఒత్తలే. ఊకె పెట్టి ఉంచిండు.
ఊపిరి బిగవట్టిన. ఇడువుమన్నడు.
మూడోసారి ఇడిసినప్పుడు
గేరు న్యూట్రల్ల పడ్డట్టు
లోపల ఏందో జారింది.
కండ్లల్ల నీళ్లొచ్చినయి, నొప్పికి గాదు.
ఎందుకో నాకే తెల్వదు.

"ఎనక జేబుల ఏం పెడ్తవు?"
పర్సు తీసిచ్చిన. అరచేతిల ఏసి తూచిండు.
బ్యాంకుల కుదువవెట్టిన గొలుసు రసీదు,
ఎత్తుకున్న చిట్టీ కాగితాలు,
సొసైటీ లోను నాలుగు మడతలది,
అక్క ఆపరేషన్ బిల్లు, కట్టేసి ఐదేండ్లయినా పారెయ్యలేనిది.
పైసలే తక్కువ.
"పంతొమ్మిదేండ్లు దీని మీద కూసున్నవు,
ఒక పక్క లేపి, ఒక పక్క వంచి.
క్లచ్చు కొంత, గుంతలు కొంత.
ఇది గూడ కొంత."

బయట బెంచి మీద
మర్రిగూడ దిక్కు నుంచి వచ్చినోళ్లుంటరు,
తాగిన నీళ్లు ఎముకల్ల గడ్డకట్టినోళ్లు.
వాళ్లకు నూనె రాస్తడు, పైసలు తీసుకోడు.
"ఎముకకు నా కాడ జవాబు లేదు" అంటడు.
నాకు గూడ ముందే చెప్పిండు.
పాదం లేవకుంటే, ఉచ్చ తెల్వకుంట పోతే
నా బల్ల ఎక్కకు,
పెద్దదవాఖానకు ఉరుకు.

ఆరు సాయంత్రాలు.
బస్సుల తాలింపు వాసనొస్తున్నదని
కండక్టర్ జంగమ్మ కిటికీలు తెరుస్తది.
పర్సు ఇప్పుడు అంగీ జేబుల ఉన్నది.
బరువు తగ్గలే, జాగ మారింది.

నిన్న ఫస్ట్ ట్రిప్పుల గుర్రంపోడు దాటినంక
రోడ్డు సగం, కాలు సగం చూసుకుంట పోయిన,
ఎప్పుడొస్తదా అని.
కనగల్ వచ్చింది. పిక్క సప్పుడు చెయ్యలే.
నల్లగొండ గడియారం కాడ బస్సాపి
క్లచ్చు మీది పాదంల చిటికెన వేలు ఆడించిన.
ఖాళీ సీటు.

తొంటికాడ ఇంక ఎక్కుతనే ఉన్నది.
కని మోకాలి కాడ్నే దిగిపోతున్నది.

"ఎనకకు మర్రుతున్నదంటే మంచిదే" అన్నడు అంజిలయ్య,
తన బొటనవేలు తనే పట్టి గుంజుకుంట.
ఆ వేలు మొదట్ల వాపు.
ఇన్ని దినాలు నా ఈపుకే తెలుసు ఆ వేలు,
నా కంటికి తెల్వదు.

గిన్నెల నూనె ఇంకా గోరువెచ్చగ ఉన్నది.
బల్ల దిగి, అంగీ తొడుక్కోకుంటనే
"కూసో" అన్న.